నారుకు నీడెందుకు?

పోయిన జూలైలో మా తాత పోసిన మిర్చి నారులో సగానికి పైగా నేనే చంపేశాను. మేలు చేద్దామనుకుని చేసిన పని కాబట్టి చెప్పుకోవడానికి ఇంకా సిగ్గుగా ఉంటుంది. కానీ ఈ వ్యాసం రాయడానికి కారణమే అది, అందుకే అక్కడి నుంచే మొదలుపెడతాను.

మా ఊరు నర్సంపేట దగ్గర. ఫస్టియర్ పరీక్షలైపోయి ఇంటికి వెళ్లాను. ఇంటి వెనక తాత మూడు నారుమడులు పోశాడు. చపాటా మిర్చి. వరంగల్ వాళ్లకి చెప్పక్కర్లేదు గానీ, మన క్లబ్బులో బయటి జిల్లాల వాళ్లు కూడా ఉన్నారు కాబట్టి చెబుతున్నాను: పొట్టిగా, లావుగా, టమాటాలా ఉండే మిర్చి. కారం తక్కువ, రంగు ఎక్కువ. 2025లో జీఐ గుర్తింపు వచ్చింది. తాత విత్తనం కొనలేదు. అంతకుముందు ఏడు మంచి కాయలు ఏరి, ఎండబెట్టి దాచుకున్నదే పోశాడు. మడుల మీద కర్రలు పాతి ఆకుపచ్చ షేడ్ నెట్ కట్టాడు.

నేను వెళ్లేసరికి వారం నుంచి ముసురు. నారు సన్నగా, పొడుగ్గా సాగి ఉంది. చూస్తే జాలేసింది. ముసురు వెలిసి ఎండ ఫెళ్లున కాసిన రోజున తాత యూరియా కోసం నర్సంపేట పోయాడు, ఆ రాత్రికి అక్కడే మా మేనత్త వాళ్లింట్లో ఉండిపోయాడు. వారం పస్తున్న పిల్లలకి ఇప్పుడు అన్నం వచ్చింది, మధ్యలో ఈ పరదా ఏంటి అనిపించింది నాకు. రెండు మడుల మీది నెట్ విప్పేశాను. మూడోదాని తాడు ముడి తడికి బిగుసుకుపోయి ఎంతకీ రాలేదు. దాంతో కుస్తీ పట్టే ఓపిక లేక వదిలేసి, లోపలికొచ్చి ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాను.

సాయంత్రానికి నారు తల వాల్చింది. నీళ్లు చల్లితే కొన్ని లేచాయి. రెండో రోజు మధ్యాహ్నానికి ఆకుల మీద తెల్లటి మచ్చలు, అంచులు కాగితంలా ఎండిపోవడం. ముడి రాని మూడో మడి మాత్రం ఏమీ ఎరగనట్టు పచ్చగా ఉంది. ల్యాబులో దీన్నే కంట్రోల్ అంటారు. నా విషయంలో అది బద్ధకం వల్ల దొరికింది.

తాత వచ్చి తిట్టలేదు. తిట్టినా బాగుండేది. మడి పక్కన గొంతుకూర్చుని, ఒక మొక్క పీకి, ఆకు అటూ ఇటూ తిప్పి చూసి, "ఏంది బిడ్డా గిట్ల జేసినవ్?" అన్నాడు.

"తాతా, మొక్కకు ఎండే కదా తిండి. వారం నుంచి ఎండ లేదని..."

"ఎండే తిండైతే మరి నారుకు నీడెందుకు కడ్తం?"

నా దగ్గర జవాబు లేదు. ఇంగ్లీషు మాటలున్నాయి. ఫోటోసింథసిస్ అన్నాను, క్లోరోఫిల్ అన్నాను, లైట్ రియాక్షన్ అన్నాను. తాత కాసేపు విని, "గవన్ని నాకెర్కలే గని, రేపటి సంది నువ్వు గా దిక్కు పోకు" అన్నాడు. నిజం చెప్పాలంటే, అవన్నీ నాకూ ఎరక లేవు. పదో తరగతి అయిపోగానే ఎంపీసీలో చేరాం, ఆ రోజుతో జీవశాస్త్రం పుస్తకం మూసేశాం. మన సీఎస్ఈ క్లాసులో చాలామంది పరిస్థితి ఇదే అనుకుంటా. ఆ తర్వాత నాలుగు నెలలు, అసైన్‌మెంట్ల మధ్య సందు దొరికినప్పుడల్లా ఈ ఒక్క ప్రశ్న వెంట పడ్డాను.

ముందు మాటల సంగతి. కిరణజన్య సంయోగక్రియ అని మొదటిసారి మన క్లబ్ మీటింగులో పైకి చదివినప్పుడు నాలుక రెండుసార్లు తొట్రుపడింది. విడగొట్టి చూస్తే మాత్రం అందులో భయపడేదేం లేదు: కిరణాల వల్ల పుట్టే, కలిపే పని. వెలుతురు బలంతో నీళ్లనీ గాలిలోని కార్బన్ డయాక్సైడునీ కలిపి చక్కెర చేయడం. పత్రహరితం అంటే ఆకు పచ్చ. క్లోరోఫిల్ అన్న మాట గ్రీకు నుంచి వచ్చింది, దాని అర్థం కూడా సరిగ్గా అదే. ఇంగ్లీషు మాట పెద్ద సైన్సులాగా, తెలుగు మాట బరువుగా ఎందుకు అనిపిస్తాయో నాకు అర్థం కాదు.

ఇక అసలు ప్రశ్న. చక్కెర చేయడం తర్వాతి కథ, దాని జోలికి ఇక్కడ పోను. వెలుతురుని ఆకు పట్టుకునేది ఎలా? పట్టుకున్నాక, అది ఎక్కువైతే ఏమవుతుంది?

ఇంటర్ ఫిజిక్సులో చదివాం కదా, వెలుతురు ఫోటాన్లనే చిన్న చిన్న పొట్లాలుగా వస్తుందని. పత్రహరితం అణువుకి ఒక ఫోటాన్ తగిలితే దానిలోని ఒక ఎలక్ట్రాన్ పై మెట్టుకి ఎక్కుతుంది. నీలం ఫోటాన్‌లో శక్తి ఎక్కువ, ఎర్ర ఫోటాన్‌లో తక్కువ. నీలం తగిలితే రెండు మెట్లు పైకి వెళ్తుంది, కానీ అక్కడ నిలబడలేదు. సెకనులో లక్షకోట్లో వంతు కూడా గడవకముందే మొదటి మెట్టుకి జారిపోతుంది, ఆ తేడా వేడిగా పోతుంది. అంటే నీలమైనా ఎరుపైనా చివరికి ఆకు చేతికి వచ్చేది ఒకే మొదటి మెట్టు శక్తి. మరి ఆకుపచ్చ? ఆకు పచ్చరంగుని అసలు వాడుకోదు అని మనకి నేర్పారు. అది సగం నిజం. నీలం, ఎరుపులతో పోలిస్తే తక్కువ పీలుస్తుంది, మిగిలింది మన కంటికి తిప్పికొడుతుంది, అంతే. పచ్చ వెలుతురులో కూడా చాలా భాగం ఆకు లోపలి పొరల్లో పీల్చుకుని పనికి పెట్టుకుంటుంది.

మొదటి మెట్టు మీద ఎలక్ట్రాన్ ఉండగలిగేది కొన్ని నానోసెకన్లే. ఆ లోపు దాని శక్తిని ఎవరికైనా ఇవ్వాలి. ఇవ్వకపోతే ఏమవుతుందో హాస్టల్ రూములోనే చూడొచ్చు. నేను చూశాను.

హన్మకొండ చౌరస్తాలో నోట్లు పరీక్షించే చిన్న యూవీ టార్చి ఒకటి కొన్నాను. మెడికల్ షాపులో సర్జికల్ స్పిరిట్ సీసా. మెస్సు అన్నని అడిగి గుప్పెడు పాలకూర తెచ్చుకున్నాను. ఆకుని తుంచి స్టీలు గ్లాసులో గరిటె వెనకవైపుతో మెత్తగా నూరి, మునిగేంత స్పిరిట్ పోసి, మూత పెట్టి అరగంట చీకట్లో ఉంచాలి. తర్వాత టీ వడపోసే గుడ్డతో గాజు గ్లాసులోకి వడకట్టాలి. చిక్కటి పచ్చ నీళ్లు వస్తాయి. లైట్లన్నీ ఆపి యూవీ టార్చి పక్క నుంచి కొట్టండి. పచ్చ నీళ్లు ఎర్రగా వెలుగుతాయి! మందారం రంగు కాదు, నిప్పు కణికలు ఆరిపోయే ముందు ఉండే ఎరుపు. నా రూమ్మేట్ ఏదో రంగు కలిపావని ఒట్టు పెట్టించుకున్నాడు. (స్పిరిట్ దగ్గర అగ్గిపుల్ల, కెటిల్ పెట్టకండి, కిటికీ తెరిచి చేయండి, టార్చి కళ్లలోకి కొట్టకండి. వార్డెన్‌కి కూడా చెప్పకండి.)

అదే టార్చి పచ్చి పాలకూర ఆకు మీద కొడితే ఆ ఎరుపు కనిపించదు. పత్రహరితం అదే, వెలుతురూ అదే. తేడా ఎక్కడుందంటే, స్పిరిట్‌లో అణువులు ఇల్లు కూలిపోయి విడివిడిగా తేలుతున్నాయి. పట్టుకున్న శక్తిని అందుకునేవాళ్లు లేరు. అందుకే దాదాపు మూడో వంతు దాకా మళ్లీ వెలుతురుగా వదిలేస్తాయి, మొదటి మెట్టు నుంచి కిందికి దూకే వెలుతురు కాబట్టి అది ఎరుపు. బతికున్న ఆకులో నూటికి ఒకటి నుంచి మూడు పాళ్లే అలా బయటికి వస్తుంది. మిగతాది చేతులు మారుతుంది.

ఎవరి చేతికి? ఇక్కడే నాకు బాగా నచ్చిన ప్రయోగం ఒకటి వస్తుంది. 1932లో అమెరికాలో రాబర్ట్ ఎమర్సన్, ఆయన క్లాసులో పాఠం విన్న విద్యార్థే అయిన విలియం ఆర్నాల్డ్, క్లోరెల్లా అనే పచ్చ నాచు మీద కెమెరా ఫ్లాష్ లాంటి మెరుపులు కొట్టారు. ఒక్కో మెరుపు సెకనులో లక్షో వంతు. ప్రతి పత్రహరితం అణువుకీ తగిలేంత గట్టి మెరుపు. ప్రతి అణువూ సొంతంగా పని చేస్తుంటే, ఒక్కో మెరుపుకి అణువుల లెక్కకు దగ్గరగా ఆక్సిజన్ రావాలి. వచ్చింది దాదాపు 2,500 పత్రహరితం అణువులకి ఒకే ఒక్క ఆక్సిజన్ అణువు. ఒక ఆక్సిజన్ అణువు రావడానికి కనీసం ఎనిమిది ఫోటాన్లు కావాలని తర్వాత తేలింది. 2,500ని ఎనిమిదితో భాగిస్తే మూడు వందల చిల్లర. అంటే మూడు వందల అణువులు కలిసి ఒక్క పనివాడి కోసం వెలుతురు ఏరుతున్నాయన్నమాట.

దీన్ని తాతకి చెప్పాల్సి వచ్చినప్పుడు నాకు ఎనుమాముల మార్కెట్ గుర్తొచ్చింది. మిర్చి సీజన్లో అక్కడికి వెళ్లినవాళ్లకి తెలుసు. వేల బస్తాలు, వాటిని మోసే హమాలీలు, కానీ తూచేది కాంటా మీదే. ప్రతి హమాలీకి ఒక కాంటా ఇస్తే మార్కెట్ దివాలా తీస్తుంది. ఆకులో కూడా అంతే. వెలుతురుని నిజంగా రసాయన పనిగా మార్చే చోటుని అభిక్రియా కేంద్రం అంటారు. అది కట్టడానికి చాలా ఖర్చు. పూర్తి ఎండలో కూడా ఒక్కో పత్రహరితం అణువుకి సెకనుకి తగిలేవి కొన్ని ఫోటాన్లే. ఒక్క అణువునే నమ్ముకుంటే కాంటా ఎక్కువసేపు ఖాళీగా ఉంటుంది. అందుకే ఒక్కో కేంద్రం చుట్టూ రెండు మూడు వందల అణువులు ప్రోటీన్లలో బిగించి ఉంటాయి. వాటిని యాంటెన్నా అంటారు, మన పాత టీవీ యాంటెన్నా లాగే.

ఒక అణువు నుంచి పక్క అణువుకి ఎలక్ట్రాన్ పోదు. ఇది నేను మొదట తప్పుగా అర్థం చేసుకున్నాను. పోయేది ఉత్తేజం మాత్రమే. వీణ మీద ఒక తీగ మీటితే అదే శ్రుతిలో ఉన్న పక్క తీగ ముట్టుకోకుండానే మోగుతుంది చూడండి, అలా. ఈ మోత అణువు నుంచి అణువుకి దూకుతూ కేంద్రానికి చేరడానికి పట్టే సమయం ఎంతంటే, సెకనుని వెయ్యి కోట్ల ముక్కలు చేస్తే అందులో కొన్ని ముక్కలు. నానోసెకన్ల గడువు ఉంది కాబట్టి చాలా వరకు దారిలో జారిపోకుండా చేరుతుంది.

కేంద్రంలో మాత్రం నిజంగానే ఎలక్ట్రాన్ చేయి మారుతుంది. అక్కడ ఒక ప్రత్యేకమైన పత్రహరితం జంట తన ఎలక్ట్రాన్‌ని పక్కవాడికి ఇచ్చేస్తుంది, ఇచ్చిన చోట ఖాళీ. ఆ ఖాళీని నింపడానికి ఆకు నీళ్లని విరగ్గొడుతుంది. నాలుగు మాంగనీసు, ఒక కాల్షియం ఉన్న చిన్న గుత్తి ఈ పని చేస్తుంది. ఒక్కో ఫోటాన్‌కి ఒక్కో ఎలక్ట్రాన్ చొప్పున నాలుగు లాగాకే ఒక ఆక్సిజన్ బయటికి వస్తుంది. మనం పీల్చేది అదే. ఇలాంటి కేంద్రాలు రెండు రకాలు, వరుసగా పనిచేస్తాయి. నీళ్లని విరగ్గొట్టేది ఫొటోసిస్టమ్ రెండు, ఆ తర్వాత వచ్చేది ఫొటోసిస్టమ్ ఒకటి. అంకెలు తిరగబడ్డాయేంటని అడగకండి, కనుక్కున్న వరుస అది. ఇండెక్సింగ్ గొడవలు మనకొక్కరికే కాదు.

ఎలక్ట్రాన్లు ఈ దారిలో నడుస్తుంటే హరితరేణువు లోపలి సంచుల్లోకి ప్రోటాన్లు చేరతాయి. నిండిన చెరువుకి తూము తీసినట్టు, ఆ ప్రోటాన్లు బయటికి వచ్చే దారిలో ఒక అణు చక్రం ఉంటుంది. అది నిజంగానే తిరుగుతుంది. పాలకూరలో ఒక చుట్టు తిరగడానికి 14 ప్రోటాన్లు, చుట్టుకి మూడు ఏటీపీలు. ఏటీపీ అంటే కణం ఖర్చుపెట్టుకునే చిల్లర డబ్బు. ఈ చిల్లరని 1929లో కండరం నుంచి వేరుచేసిన ఇద్దరిలో ఒకరు మన యెల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో పుట్టి, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి చేసిన పని అది. అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా కనుక్కున్నాడు. హరితరేణువు వెలుతురుతోనే ఏటీపీ చేసుకుంటుందని డేనియల్ ఆర్నన్ బృందం చూపించింది 1954లో. సుబ్బారావు గారు అప్పటికి ఆరేళ్ల కిందే పోయారు. ఆ ఆరేళ్లు నాకు ఎందుకో బాధనిపిస్తాయి.

ఇక్కడిదాకా మన టెక్స్టుబుక్కుల్లో ఉన్నదే, కాస్త అటూ ఇటూగా. తాత ప్రశ్నకి జవాబు దీని తర్వాత మొదలవుతుంది.

మబ్బు లేని మధ్యాహ్నం ఒక చదరపు మీటరు మీద సెకనుకి దాదాపు 2,000 మైక్రోమోళ్ల పనికొచ్చే ఫోటాన్లు పడతాయి. మిర్చి, వరి లాంటి మొక్కల ఆకు ఇందులో మూడో వంతు నుంచి సగం దగ్గరికి వచ్చేసరికే గరిష్ఠ వేగానికి చేరుతుంది. ఆ తర్వాత ఎండ ఎంత పెరిగినా చక్కెర పెరగదు. (మొక్కజొన్న, జొన్నల దారి వేరు, అవి ఇంకా పైకి పోగలవు.) ఎందుకు ఆగిపోతుంది? యాంటెన్నా పట్టుకోవడం సెకనులో కోట్ల వంతుల్లో జరిగిపోతుంది. కానీ ఎలక్ట్రాన్ల దారిలో ఒక మెట్టు ఉంది, అది దాటడానికి అయిదు పది మిల్లీసెకన్లు పడుతుంది. అంటే సెకనుకి వందో రెండొందలో. దాని వెనక చక్కెర చేసే ఎంజైములు ఇంకా నిదానం. కాంటా తూచే వేగం మారదు, గేటు దగ్గరికి లారీలు మాత్రం దానికి కొన్ని రెట్లు వస్తున్నాయి.

లారీలైతే వరుసలో ఆగుతాయి. ఉత్తేజం ఆగదు. దిగే చోటు లేని శక్తి పత్రహరితంలో ఎక్కువసేపు ఉండిపోతే, ఆ అణువు ఇంకో రకమైన మొండి స్థితికి మారి, పక్కనే ఉన్న ఆక్సిజన్‌కి శక్తి అంటిస్తుంది. దాన్ని సింగ్లెట్ ఆక్సిజన్ అంటారు. అది తగిలిన కొవ్వునీ ప్రోటీన్నీ పాడుచేస్తుంది, రంగుని తెల్లబోయేలా చేస్తుంది. ఆక్సిజన్ తయారయ్యే చోటే ఈ ప్రమాదం కూడా ఉండటం చూడండి. పొయ్యి మీద పెట్రోలు డబ్బా పెట్టుకుని వంట చేసుకున్నట్టు. నారుమడిలో నేను చూసిన తెల్ల మచ్చలు ఇవే. అంతా వెలుతురు వల్లే పోయిందని అననులెండి. ఆ రోజు మట్టి కూడా ఎండిపోయింది, లేత వేళ్లకి నీళ్లు అందలేదు. నీళ్లు లేక ఆకు రంధ్రాలు మూసుకుంటే కార్బన్ డయాక్సైడ్ లోపలికి రాదు, చక్కెర పని ఆగుతుంది, అప్పుడు పట్టుకున్న వెలుతురు ఇంకా మిగిలిపోతుంది. ఒకదాన్ని ఒకటి ఎగదోస్తాయి.

మరి చేల్లో పెద్ద మిర్చి మొక్క రోజంతా ఎండలోనే నిలబడుతుంది కదా, అది ఎందుకు చావదు? ఎందుకంటే అది పట్టుకున్నదాన్ని పారేయడం నేర్చుకుంది. నేను చదివినవాటన్నిటిలో నన్ను బాగా ఆపేసింది ఈ ముక్కే. మధ్యాహ్నం పూట ఆకు పీల్చుకున్న వెలుతురులో సగానికి పైగా కావాలనే వేడిగా మార్చి వదిలేస్తుంది.

ఎలాగంటే, కాంటా వెనకబడితే హరితరేణువు సంచుల్లో ప్రోటాన్లు పేరుకుపోతాయి, లోపల పులుపెక్కుతుంది. ఆ పులుపే సంకేతం. సిస్టమ్స్ క్లాసులో మనం బ్యాక్‌ప్రెషర్ అంటామే, అచ్చంగా అదే: వెనకవాడు నిండిపోయానని ముందువాడికి చెప్పడం. పులుపు తగలగానే ఒక ఎంజైము లేచి, వయోలాజాంథిన్ అనే పసుపు రంగు పదార్థాన్ని రెండంచెల్లో జియాజాంథిన్‌గా మారుస్తుంది. మధ్య అంచెలో ఉండేది ఆంథెరాజాంథిన్. ఈ పేర్లలో ఒక్కటి గుర్తుంచుకోండి, చివర్లో పనికొస్తుంది. జియాజాంథిన్ చేరిన యాంటెన్నా అమరిక కాస్త మారి, ఉత్తేజాన్ని కేంద్రానికి పంపే బదులు అక్కడికక్కడే వేడిగా దించేస్తుంది. గేటు దగ్గరే లారీలని వెనక్కి తిప్పి పంపినట్టు.

ఇంత చేసినా ఫొటోసిస్టమ్ రెండులో డీ1 అనే ప్రోటీన్ దెబ్బ తింటూనే ఉంటుంది. గట్టి ఎండలో ఒక్కో డీ1 గంట కూడా నిలవకపోవచ్చు. ఆకు దాన్ని పీకి కొత్తది బిగిస్తూ ఉంటుంది, రోజంతా. పాడయ్యే వేగం బాగుచేసే వేగాన్ని మించితేనే ఆకు ఓడిపోతుంది.

ఈ బాగుచేతకి ఇంకో సాయం కూడా ఉందని తెలిసింది మన దగ్గర చేసిన పని వల్లే. 1992లో హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో కె. శారదాదేవి, ఎ.ఎస్. రాఘవేంద్ర బఠాణీ ఆకు కణాలని గోడలు తీసేసి విడిగా పెట్టి పరీక్షించారు. కణం శ్వాసక్రియని మందులతో కొద్దిగా అడ్డుకుంటే, గట్టి వెలుతురులో దాని కిరణజన్య సంయోగక్రియ ఎక్కువగా దెబ్బతింది. అంటే శ్వాస తీసే భాగం, వెలుతురు పట్టే భాగానికి కాపలా కాస్తోంది. మనకి ఈ రెండిటినీ పరీక్షలో ఎదురెదురు పట్టికలో రాయిస్తారు, ఒకటి కడితే ఒకటి కరిగిస్తుందని. ఆకులో అవి పక్కింటివాళ్లు.

ఇప్పుడు నారు సంగతి. నెట్ కింద, అందులోనూ వారం ముసురులో పెరిగిన ఆకు, వెలుతురు తక్కువని నమ్మి కట్టుకున్న ఆకు. పల్చగా, వెడల్పుగా ఉంటుంది. ఒక్కో కేంద్రానికి యాంటెన్నా పెద్దది పెట్టుకుంటుంది, దొరికిన ప్రతి ఫోటానూ ఏరుకోవాలి కదా. చక్కెర చేసే ఎంజైములు తక్కువ. వయోలాజాంథిన్ నిల్వ తక్కువ. డీ1 మరమ్మతు కూడా ఆ వేగానికి అలవాటు పడలేదు. అంటే గేటు వెడల్పు చేసి, కాంటాలు తగ్గించుకుని, వెనక్కి పంపే మనుషుల్ని పెట్టుకోని మార్కెట్. నేను దాని మీదికి జూలై మధ్యాహ్నాన్ని ఒక్కసారిగా వదిలాను. ఆకలితో ఉన్నాడని జాలిపడి ఒకేసారి ఆరు ప్లేట్లు తినిపించినట్టయింది.

తాత ప్రతి ఏడూ ఏం చేస్తాడో అప్పుడు గుర్తు చేసుకున్నాను. నారు నాటే వారం పది రోజుల ముందు నుంచి నెట్‌ని పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు తీస్తాడు. తర్వాత ఆ సమయం పెంచుతాడు. నీళ్లు కాస్త తగ్గిస్తాడు. చివరి రెండు మూడు రోజులు పూర్తిగా తీసేస్తాడు. దీన్ని నారు గట్టిపరచడం అంటారు. చిన్నప్పటి నుంచి చూస్తున్నా, తాత చాదస్తం అనుకునేవాణ్ని. ఆ పది రోజుల్లో ఆకు లోపల యాంటెన్నా చిన్నదవుతుంది, ఎంజైములు పెరుగుతాయి, పసుపు రంగు నిల్వ పెరుగుతుంది, కొత్తగా వచ్చే ఆకులు మందంగా వస్తాయి.

ఈ పారేయడంలో ఒక లోపం కూడా ఉంది. మొదలుపెట్టడం తొందరగా అవుతుంది, ఆపడం నిదానం. మబ్బు అడ్డొచ్చినా, పై ఆకు నీడ పడినా, కింది ఆకు ఇంకా కొన్ని నిమిషాలు వెలుతురుని పారేస్తూనే ఉంటుంది, అవసరం లేకపోయినా. 2016లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం నుంచి ఒక బృందం పొగాకు మొక్కలో మూడు జన్యువుల పని పెంచి ఈ ఆపే వేగాన్ని పెంచింది. పొలంలో మొక్కల బరువు దాదాపు 15 శాతం పెరిగింది. కొత్త యాంటెన్నా పెట్టలేదు, కొత్త ఎంజైము తేలేదు. రేట్ లిమిటర్ రీసెట్ అయ్యే టైం తగ్గించారు. ఇది చదివినప్పుడు సీఎస్ఈ వాడిగా నాకు కాస్త గర్వంగా అనిపించింది, ఎందుకో తెలీదు, నేను చేసిందేం లేదు.

సంక్రాంతికి ఇంటికి వెళ్లాను. చచ్చిన రెండు మడుల చోటుకి తాత పక్క ఊరి నుంచి హైబ్రిడ్ నారు కొని పెట్టాడు, "శాన పిరం" అని మాత్రం అన్నాడు, ఎంతో చెప్పలేదు. చపాటా ఉన్నది మూడో మడి నుంచి నాటిన సాళ్లలోనే. కాయలు ఎర్రబడుతున్నాయి. గట్టు మీద కూర్చుని, ఇంగ్లీషు మాట వీలైనంత రాకుండా, గేటు, కాంటా, వెనక్కి పంపడం అన్నీ చెప్పాను. హమాలీలు అనగానే తాత మధ్యలో ఆపి ఎనుమాములలో 'నాల్గు దినాలు పడిగాపులు గాసిన' కథ చెప్పాడు, అది అయ్యేదాకా ఆగి మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చింది.

చివర్లో కాయ రంగు సంగతి చెప్పాను. ఆంథెరాజాంథిన్ పేరు గుర్తుందిగా. మిర్చి కాయ పండేటప్పుడు లోపలి హరితరేణువులు పచ్చదనం పోగొట్టుకుని రంగు సంచులుగా మారతాయి. అక్కడ ఒక ఎంజైము, ఆకుని ఎండ నుంచి కాపాడే చక్రంలోని ఆ ఆంథెరాజాంథిన్‌నే తీసుకుని కాప్సాంథిన్‌గా మారుస్తుంది. మిర్చి ఎరుపులో ముఖ్యమైనది అదే. చపాటాకి రేటు వచ్చేది ఆ ఎరుపుకే. ఆకులో గొడుగు పట్టే పదార్థమే కాయలో రంగై బస్తాలకెక్కుతోంది.

తాత ఒక కాయ తెంపి, రెండుగా విరిచి, లోపలి ఎరుపు ఎండకేసి చూశాడు. "అయితే నువ్వు మాడగొట్టింది గీ రంగునే అన్నట్టు" అన్నాడు.

అవునన్నాను.

ఈ ఏడు విత్తనానికి ఏరిన కాయలన్నీ ఆ మూడో మడి మొక్కలవే. జూలైలో మళ్లీ నారు పోస్తాడు. నెట్ ఏ రోజు ఎన్ని గంటలు తీయాలో ఒక కాగితం మీద నాతో రాయించుకుని గోడకి మేకు కొట్టి తగిలించాడు. పొద్దున ఆరు నుంచి ఎనిమిది, సాయంత్రం అయిదు నుంచి ఏడు, మొదటి మూడు రోజులు. ముడి మాత్రం తనే కడతానన్నాడు.